పైన రాసిన అయిదు పేర్లు

బెంచీ బాబాయి మా సీసాల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో పదహారేళ్ళు ఆటగాడు. ఆ పదహారేళ్ళలో మైదానం లోపల ఆయన గడిపిన సమయమంతా కూడితే రెండు గంటల పదకొండు నిమిషాలు. ఈ లెక్క ఫ్యాక్టరీది కాదు, లీగువాళ్ళదీ కాదు. పిన్నిది. జెర్సీ ఉతికేది ఆవిడే కాబట్టి ఏ ఆదివారం దానికెంత మట్టి అంటిందో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఓ సినిమాకి కూడా సరిపోదు. అందులో ఇంటర్వెల్ తీసేస్తే మరీ అన్యాయం" అనేది పిన్ని, దండెం మీద జెర్సీ ఆరేస్తూ. "ఈ చొక్కా ఉతికి ఉతికి చిరిగింది గానీ ఆడి చిరిగింది కాదు."

"ఉతకడం మానెయ్యొచ్చుగా" అనేవాడు బాబాయి.

"మానేస్తే నువ్వు ఆటగాడివని నాకు మాత్రం గుర్తెలా ఉంటుందయ్యా?"

ఆయన జట్టులోకి వచ్చిన తీరే వేరు. పందొమ్మిదో ఏట ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా చేరాడు. మైదానం ఫ్యాక్టరీ వెనక, పగిలిన సీసాల గుట్ట పక్కన ఉండేది. మళ్ళీ కరిగించడానికి కొలిమిలోకి పోయేదాకా ఆ గుట్ట అక్కడే. వాన పడ్డప్పుడల్లా దాని ముక్కలు మైదానంలోకి కొట్టుకొచ్చేవి. అందుకని సాధనకు ముందు జట్టంతా ఒక వరసగా నిలబడి, నడుములు వంచి, ఈ గోల్ పోస్టు నుంచి ఆ గోల్ పోస్టు దాకా నడుస్తూ గాజు ఏరేవాళ్ళు. ఇంకే జట్టూ ఆటకు ముందు ఇలాంటి కసరత్తు చేసి ఉండదు. ఆ గుట్టను ఇంకోచోటికి మార్చండి అని యాజమాన్యానికి అర్జీ పెట్టి ఎన్నేళ్ళయిందో అడిగితే, అర్జీ రాసినవాళ్ళే ఇప్పుడు రిటైరైపోయారు.

ఆ మొదటిరోజు అందరూ తలా గుప్పెడు గాజు ఏరితే, కొత్తగా వచ్చిన ఈ అప్రెంటిసు తువ్వాలు నిండా ఏరాడు. జట్టు మేనేజరు అచ్చుల మేస్త్రీ. పగలు సీసాల అచ్చులు బిగించే పని, సాయంత్రం జట్టు పని. ఆయన ఆ తువ్వాలు చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

"వీడివి కళ్ళా, అయస్కాంతాలా?" అని పదహారో జెర్సీ ఇచ్చేశాడు. వీడికి ఆట వచ్చా అని అడగడం మర్చిపోయాడు.

అడిగి ఉంటే తెలిసేది. బంతి వస్తే ఏం చెయ్యాలో బాబాయికి బాగా తెలుసు. ఆ సంగతి కాళ్ళకే తెలియదు.

మరి పదహారేళ్ళు జట్టులో ఎందుకుంచారు? బెంచీ మీద కూర్చుని ఆయన చెప్పే మాటల కోసం. "మేస్త్రీ, మన ఎడమ బ్యాకు కుడికాలు దాస్తున్నాడు, ఇంకో పది నిమిషాల్లో కూలబడతాడు" అనేవాడు. పదో నిమిషంలో కూలబడేవాడు. "వాళ్ళ పొడుగోడు తలతో కొట్టే ముందు చెయ్యి చొక్కాకి తుడుచుకుంటున్నాడు, చూస్తున్నారా?" అనేవాడు. ఆ తర్వాత పొడుగోడు చెయ్యి తుడుచుకున్నప్పుడల్లా మనవాళ్ళిద్దరు వాడి పక్కన ఉండేవాళ్ళు.

"నన్నెప్పుడు ఆడిస్తారు మేస్త్రీ?" అని ఓసారి అడిగాడు.

"నువ్వు ఆడితే నాకెవడు చెప్తాడ్రా?" అన్నాడు మేస్త్రీ.

ఇది పొగడ్తా తిట్టా అని బాబాయి చాలా ఏళ్ళు ఆలోచించాడు.

ఫ్యాక్టరీలో ఆయన పని కూడా కూర్చుని చూడటమే. అప్రెంటిసు పూర్తికాగానే తనిఖీలో వేశారు. వెనక దీపాలు వెలిగే తెల్ల గాజుపలక ముందు ఒక స్టూలు. బెల్టు మీద సీసాలు నిమిషానికి నూటపది చొప్పున ఆ వెలుతురు ముందు నుంచి పోతుంటాయి. బుడగ ఉన్నది, మెడ వంకరపోయినది, అడుగున వెంట్రుకవాసి పగులున్నది చూసి చేత్తో తీసి పక్క తొట్టిలో వెయ్యాలి. రోజుకు ఎనిమిది గంటలు. గంటకోసారి కళ్ళు మూసుకోవడానికి పది నిమిషాలు ఇవ్వాలని నియమం. యూనియన్ పోట్లాడి తెచ్చుకున్న నియమం. అది అమలయ్యేది గంటకోసారి కాదు, పైనుంచి అధికారులు చూడటానికి వచ్చినప్పుడు.

అలా వారంలో ఆరు రోజులు స్టూలు మీద, ఏడోరోజు బెంచీ మీద. బెంచీ బాబాయి అనే పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, జీతం ఇచ్చే గుమాస్తా కూడా అసలు పేరు కోసం రిజిస్టరు చూసుకోవాల్సి వచ్చేది.

మొట్టమొదటిసారి ఆయన్ని ఆటలోకి పిలిచిన రోజు సంగతి ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పటికీ చెప్తారు. ఎక్స్‌ట్రా ఆటగాళ్ళ బూట్లు ఆడేవాళ్ళు అడిగి తీసుకోవడం మా జట్టులో మామూలే. ఫ్యాక్టరీ ఇచ్చే బూట్లు రెండేళ్ళకోసారి, అవి బతికేది ఆరునెలలు. ఆ రోజు బాబాయి బూట్లు కుడి బ్యాకు కాళ్ళకున్నాయి. మేస్త్రీ "లే, వెళ్ళు" అన్నాడు. బాబాయి లేచాడు. కిందికి చూసుకున్నాడు. చెప్పులున్నాయి. బయటికొచ్చినవాడి బూట్లు తొడుక్కుని లోపలికి పోయేసరికి నాలుగు నిమిషాలు పట్టింది, ఆ బూట్లు రెండు సైజులు పెద్దవి. ఆయన తన్నిన మొదటి తన్నుకు బంతి ఎడమకు పోయింది, బూటు నేరుగా గోల్లోకి పోయింది.

"గోలే కదా" అన్నారు ప్యాకింగు సెక్షను ఆడవాళ్ళు గట్టున కూర్చుని. చాన్నాళ్ళు అదే అన్నారు.

ఇవన్నీ ఆయన నవ్వుతూ పడ్డాడు. ఆయన్ని పొడిచింది వేరేది. లీగు మ్యాచి మొదలవుతుందనగా మైకులో రెండు జట్ల పేర్లు చదువుతారు. పదకొండు పేర్లు చదివి, "మరియు మిగతావాళ్ళు" అని మైకు కట్టేస్తారు. పెళ్ళయిన కొత్తలో పిన్ని తన అక్కచెల్లెళ్ళను వెంటేసుకుని మ్యాచి చూడటానికొచ్చింది. పదకొండు పేర్లూ విన్నారు. మా ఆయన పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చెవులు రిక్కించింది. రాలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు "ఇంతకీ నేనెవర్ని? మిగతావాళ్ళ భార్యనా?" అని నవ్వింది పిన్ని.

దేనికైనా నవ్వే బాబాయి, దానికి నవ్వలేదు.

పదహారేళ్ళ తర్వాత మేస్త్రీ రిటైరయ్యాడు. పోతూపోతూ తన విజిల్ తీసి బాబాయి మెళ్ళో వేశాడు. "ఇన్నాళ్ళూ నువ్వు చెప్పావు, నేను అరిచాను. ఇక రెండూ నువ్వే చేసుకో" అన్నాడు. కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు. అంతసేపు ఆటను కూర్చుని చూసినవాడు మా చుట్టుపక్కల మరొకడు లేడు.

మేనేజరుగా బాబాయి చేసిన మొదటి పని, జట్టు జాబితా తిరగేసి రాయడం. ఎక్స్‌ట్రాలు అయిదుగురి పేర్లు పైన, ఆడే పదకొండుమంది పేర్లు కింద. ఫ్యాక్టరీ టైం ఆఫీసు పక్కన బోర్డు మీద ప్రతి శుక్రవారం అలాగే అంటించేవాడు. లీగువాళ్ళ బల్ల దగ్గర ఇచ్చే కాగితం మీదా అంతే. ఆ కాగితం మీద పదహారు గీతలుంటాయి, అంతే. ఎవరు ఆడతారు, ఎవరు కూర్చుంటారు అని ఏ అచ్చూ ఉండదు. పై పదకొండుమంది ఆడతారని లీగు నియమాల పుస్తకంలో ఎక్కడో ఉంది. అది బల్ల దగ్గర కూర్చునే పాత గుమాస్తాకు తెలుసు, బాబాయి అలవాటూ తెలుసు.

"మళ్ళీ తలకిందులుగా రాశావా?" అని ఆయన విసుక్కుంటూనే అయిదో పేరు కింద స్కేలు పెట్టి గీత గీసేవాడు. మైకులో చదివే మనిషికి ఆ గీత చూపించి "ఈ గీత కిందివాళ్ళను ముందు చదువు, తర్వాత పై అయిదుగురివీ చదివెయ్, లేకపోతే ఈయన ఊరుకోడు" అనేవాడు. ఏడేళ్ళు ఆ గీత మీద నడిచింది మా జట్టు. ఆ ఏడేళ్ళలో మా మ్యాచిలకు మాత్రం మైకులో "మిగతావాళ్ళు" అన్న మాట వినపడలేదు.

ఏడో ఏడు కప్పు ఫైనలుకొచ్చాం. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. గెలుస్తామనే ఆశ లేనంతకాలం యాజమాన్యానికి ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు. ఫైనలు అనగానే వచ్చింది.

గురువారం వెల్ఫేర్ ఆఫీసరు బాబాయిని గదిలోకి పిలిచాడు. పేరుకు ఆయన కార్మికుల బాగోగులు చూడాల్సిన అధికారి. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతుంది, అంతవరకు నిజం. బల్ల మీద నాలుగు కాగితాలున్నాయి. నలుగురు ఆటగాళ్ళు, వేరే ఊరి నుంచి పిలిపించినవాళ్ళు. ఇద్దరు ఫార్వర్డ్‌లు, ఇద్దరు నడిమి ఆటగాళ్ళు. లీగు నియమం ప్రకారం ఫ్యాక్టరీ రోల్లో, అంటే కార్మికుల జాబితాలో, పేరున్నవాళ్ళే ఆడాలి కాబట్టి నలుగుర్నీ కొలిమి దగ్గర పర్మనెంటు కార్మికులుగా రాసేశారు. మూడు రోజుల్లో అయిపోయింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. ప్యాకింగు సెక్షనులో అరవైమంది ఆడవాళ్ళు తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. ప్రతి మూడు నెలలకూ తీసేసినట్టు రాసి, మర్నాడు మళ్ళీ చేర్చుకున్నట్టు రాస్తారు. వాళ్ళను పర్మనెంటు చెయ్యడానికి ఖాళీలు లేవు, నిబంధనలు ఒప్పుకోవు, పైవాళ్ళ సంతకం కావాలి. బంతి తన్నేవాడు కావాలంటే మాత్రం ఖాళీలు వాటంతటవే పుట్టాయి. ఆ అరవైమందిలో పిన్ని ఒకతె.

"ఈ నలుగురూ ఆడాలి" అన్నాడు ఆఫీసరు.

"మనవాళ్ళు నలుగురు కూర్చోవాలి సార్" అన్నాడు బాబాయి. "ఇక్కడిదాకా తెచ్చింది వాళ్ళు."

"కూర్చోవడం గురించి నువ్వే బాధపడితే ఎలాగయ్యా, నీకంటే అనుభవం ఎవరికుంది?" ఆఫీసరు తన జోకుకు తనే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "వీళ్ళు మైదానంలో కనపడకపోతే సోమవారం నుంచి నువ్వు మేనేజరువి కాదు. చెప్పానుగా, ఇక వెళ్ళు."

బాబాయి నీళ్ళు నమిలాడు. సరే అనలేదు, కాదనీ అనలేదు. మన దగ్గర అధికారుల గదుల్లో దానర్థం సరేనే.

ఆయనకు ఆ విజిల్ అంటే ప్రాణం. పదహారేళ్ళు నోరు మూసుకుని చూసినవాడికి ఏడేళ్ళుగా నోరొచ్చింది. మైదానం గీత పక్కన నిలబడి "వెనక్కి రా, వెనక్కి రా" అని అరిస్తే పదకొండుమంది వెనక్కొచ్చేవాళ్ళు. ఇంట్లో ఆయన మాటకు పిల్లి కూడా కదలదు.

ఇంటికొచ్చేసరికి పిన్నికి సంగతంతా తెలిసిపోయింది. ప్యాకింగు సెక్షనుకు తెలియకుండా ఫ్యాక్టరీలో కొలిమి కూడా ఆరదు.

"నాలుగు పర్మనెంటు కాగితాలట" అంది, బట్టలు మడత పెడుతూనే. "నాకు తొమ్మిదేళ్ళు పట్టినా రానివి. నేనూ బంతి తన్నడం నేర్చుకుంటే పోయేది."

"నేనేం చెయ్యనే? కాదంటే మేనేజరు పని పోతుంది."

"పోతుంది."

"అంత తేలిగ్గా అంటావేం?"

"బరువుగా అంటే ఉంటుందా?" మడత పెట్టిన జెర్సీ ఆయన చేతిలో పెట్టింది. "అరువు సొమ్ము బరువు చేటు అంటారు. నీకు చెప్పేదాన్నా నేను, వెయ్యి సీసాల్లో పగులు పట్టేవాడివి. చూసుకో, నీ ఇష్టం."

శనివారం సాయంత్రం గాజు ఏరుడు అయ్యాక బాబాయి తన నలుగురితో చెప్పాడు. మొదట నిప్పుకోడితో చెప్పాడు. నిప్పుకోడి అంటే మా ఫార్వర్డ్. కొలిమి దగ్గర పనిచేస్తాడు, కాళ్ళు మరీ పొడుగు, అందుకని ఆ పేరు. ఆ ఏడాది మేం కొట్టిన గోల్సులో సగం వాడివే. అందరూ గొడవ చేస్తారనుకున్నాడు బాబాయి. వాడు బూటు తాళ్ళు ఊడదీసుకుంటూ మెల్లగా అన్నాడు:

"పర్లేదులే బాబాయ్. పేరు పైన రాస్తావుగా."

"రాస్తాన్రా."

"అదే. పైన రాసి కింద కూర్చోబెడతావు. మాకు అదే గొప్ప."

ఏడేళ్ళుగా తను గర్వపడిన పని మీద ఎవరూ అంత మెత్తగా చెయ్యి చేసుకోలేదు. ఆ రాత్రి ఆయన నిద్రపోయాడో లేదో పిన్నే చెప్పాలి, ఆవిడ చెప్పలేదు.

ఆదివారం ఫైనలు. లీగు మైదానంలో సిమెంటు మెట్లు, పైన రేకుల నీడ, ముందువరసలో అధికారులకు కుర్చీలు. బాబాయి జాబితా రాశాడు. అలవాటు ప్రకారమే. పైన అయిదుగురు ఎక్స్‌ట్రాలు: నిప్పుకోడి, వాడితోపాటు కూర్చోవాల్సిన ముగ్గురు, రెండో గోల్‌కీపరు. వాళ్ళ కింద ఆడేవాళ్ళు: గోల్‌కీపరు, నలుగురు బ్యాకులు, ఇద్దరు మన నడిమి ఆటగాళ్ళు, అట్టడుగున నలుగురు అరువు ఆటగాళ్ళు. బల్ల మీద పెట్టి, తలెత్తకుండా గదిలోకి వెళ్ళిపోయాడు.

తలెత్తి ఉంటే చూసేవాడు. పాత గుమాస్తా కంటి ఆపరేషనుకు సెలవు పెట్టాడు. ఆ కుర్చీలో కొత్త గుమాస్తా కూర్చున్నాడు. చాలా శ్రద్ధ గల మనిషి. నియమాల పుస్తకం పక్కనే పెట్టుకుని, పైనుంచి పదకొండు లెక్కపెట్టి, పదకొండో పేరు కింద స్కేలుతో గీత గీశాడు.

గదిలో బూట్లు బిగించుకుంటుండగా మైకు వినపడింది. సీసాల ఫ్యాక్టరీ జట్టు అంటూ మొట్టమొదట నిప్పుకోడి పేరు చదివారు, అసలు పేరుతో. ఆ వెంటనే మిగతా ముగ్గురివీ. రెండో కీపరుది కూడా. ఆ తర్వాత మొదటి కీపరు, నలుగురు బ్యాకులు, ఒక నడిమి ఆటగాడు. "మరియు మిగతావాళ్ళు" అని మైకు ఆగిపోయింది.

నిప్పుకోడి సగం కట్టిన తాడు పట్టుకుని బాబాయి వైపు చూశాడు. బయట మెట్ల మీద ప్యాకింగు ఆడవాళ్ళు కేకలు పెడుతున్నారు.

"ఏంటిది బాబాయ్?" అన్నాడు మొదటి కీపరు. జట్టు కెప్టెన్ వాడే. "మేమిద్దరం కీపర్లం ఒకేసారి ఆడతామా?"

బాబాయి బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం చూసినవాళ్ళు తక్కువ, అది కూడా పిన్ని లెక్కలో కలుపుకోవాల్సిందే. కొత్త గుమాస్తా గీసిన గీతను చూశాడు, నియమాల పుస్తకం చూశాడు. విషయం బోధపడింది. తప్పు ఆ మనిషిది కాదు. ఏడేళ్ళుగా ఒకాయన దయతో గీసిన గీతను నియమం అనుకున్న బాబాయిదే.

"ఏదైనా తేడా ఉందాండీ?" అన్నాడు గుమాస్తా మర్యాదగా. "కెప్టెన్లు సంతకాలు పెట్టేదాకా మార్చుకోవచ్చు. ఇంకా పదిహేను నిమిషాలుంది. పెట్టాక మాత్రం కుదరదు."

ఆఫీసరు కుర్చీల్లోంచి దిగి అక్కడికే వస్తున్నాడు. "నావాళ్ళ పేర్లేవి? చదవలేదేం?"

"పొరపాటు జరిగింది సార్. నేను పేర్లు తిరగేసి రాస్తాను. ఈయనకు తెలియదు."

"అయితే సరిచెయ్."

బాబాయి కలం తీశాడు. గీత కొట్టేసి పైన ఇంకో గీత గియ్యాలి. రెండు క్షణాల పని. మేనేజరుగిరీ మిగులుతుంది.

మెట్ల వైపు చూశాడు. పదకొండు పేర్లు విన్నవాళ్ళు ఇంకా కూర్చోలేదు. నిప్పుకోడి అమ్మ పక్కవాళ్ళను పట్టుకుని ఏదో చెప్తోంది, ఏం చెప్తోందో ఇక్కడికి వినపడకపోయినా తెలుస్తూనే ఉంది. నిన్న సాయంత్రం నుంచీ మావాడు ఆడట్లేదని మొహం చాటేసి తిరిగిన మనిషి. ఇప్పుడు ఈ కలం తీసుకుని గీత గీస్తే, మైకు మళ్ళీ మోగి, చదివిన ఆ పేరును వెనక్కి తీసుకుంటుంది. మిగతావాళ్ళలో కలిపేస్తుంది. దానికంటే మొదటే చదవకపోవడం నయం. ఆ సంగతి బాబాయికి తెలిసినంత ఎవరికి తెలుసు?

కలం మూత పెట్టేశాడు.

"ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు గుమాస్తాతో.

"సోమవారం గుర్తుందా?" అన్నాడు ఆఫీసరు.

"ఉంది సార్. ఆదివారం తర్వాత వస్తుంది."

ఇది ధైర్యంతో అన్నమాట కాదు. భయంతో నోరు ఏదో ఒకటి అనెయ్యడం అంతే. కానీ ఫ్యాక్టరీలో అది ధైర్యంగానే చెలామణీ అయింది, ఎవరూ సరిదిద్దలేదు. కెప్టెన్లు సంతకాలు పెట్టారు.

ఆట సంగతి చెప్పాలంటే, చూసినవాళ్ళు ఇప్పటికీ పొట్ట పట్టుకుంటారు. రెండో కీపరును ముందువరసలో నిలబెట్టాల్సి వచ్చింది. మామూలుగా ఆయన గోదాములో బండి తోలతాడు. పుట్టిన దగ్గర్నుంచి చేతులతో ఆడినవాడు. మొదటి బంతి ఎత్తుగా తన మీదికి రాగానే కళ్ళు మూసుకుని రెండు చేతులతో శుభ్రంగా పట్టుకున్నాడు. రిఫరీ విజిల్ వేస్తే "ఎంత బాగా పట్టాను" అన్నట్టు చూశాడు. ఫ్రీకిక్. దాన్నుంచే అవతలివాళ్ళ మొదటి గోల్.

అయినా మనవాళ్ళు చేతులెత్తెయ్యలేదు. హాఫ్ టైముకు ముందు నిప్పుకోడి తన పొడుగు కాళ్ళతో ముగ్గుర్ని దాటి గోల్ కొట్టాడు. కొట్టి, గీత దగ్గరికొచ్చి, బాబాయి ముందు ఆగి, "పైన రాశావుగా" అన్నాడు. అదే మాట. ఈసారి ఎక్కడా గుచ్చుకోలేదు.

బెంచీ మీద నలుగురు అరువు ఆటగాళ్ళు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. బాబాయి వాళ్ళకు మంచినీళ్ళ సీసా అందించాడు. వాళ్ళలో పెద్దవాడు, గడ్డం ఉన్నవాడు, మెల్లగా అన్నాడు:

"మేం వచ్చింది తప్పే సార్. మా ఊళ్ళో మార్కెట్టులో మూటలు దింపుతాం. ఒక్కరోజు ఆడితే చాలు, పర్మనెంటు ఉద్యోగం అన్నారు."

"కాగితం చూపించారా?"

"చూపించి, మళ్ళీ ఆయన దగ్గరే పెట్టుకున్నారు."

బాబాయి అతని వైపు కాసేపు చూశాడు. బెల్టు మీద వచ్చే సీసాను చూసినట్టు చూశాడు. పగులు మనిషిలో లేదు.

"ఆ కాగితం సోమవారానికి ఉండదు. నాది కూడా ఉండదు" అన్నాడు. "మా ఇంట్లో ఆవిడకు తొమ్మిదేళ్ళుగా చూపించనైనా చూపించలేదు. నువ్వే నయం."

గడ్డమతను నవ్వాడు. "కూర్చోవడం ఇంత కష్టంగా ఉంటుందా సార్?" అన్నాడు.

"మొదటి పదహారేళ్ళే."

ఇంకో పది నిమిషాలుందనగా అవతలివాళ్ళు రెండో గోల్ కొట్టారు. అప్పటికే రెండో కీపరుకు పిక్క పట్టేసి కుంటుతున్నాడు. బాబాయి గడ్డమతని భుజం తట్టాడు. "లే, వెళ్ళు."

అతను నమ్మలేదు. "నన్నా? మీవాళ్ళు ఒప్పుకుంటారా?"

"బెంచీ మీద ఉన్నవాడు నా మనిషే. బూట్లున్నాయా నీకు?"

ఉన్నాయి. గట్టిగా బిగించి ఉన్నాయి. బాబాయి ముందు బల్ల దగ్గరికెళ్ళాడు. "లోపలికెళ్ళే మనిషి పేరు మైకులో చదవండి" అన్నాడు. అలా చదివే పద్ధతి లేదన్నాడు గుమాస్తా. "పద్ధతి ఇవాళ చాలానే చూశాం, ఇది కూడా చూద్దాం" అన్నాడు బాబాయి. చదివారు. ముందువరస కుర్చీలో ఆఫీసరుకు తన మనిషి పేరు వినపడి సంతోషించాలో, మండిపడాలో తెలియక గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. గడ్డమతను చివరి నిమిషంలో తన్నిన బంతి గోల్ పోస్టుకు తగిలి బయటికొచ్చింది. ఓడిపోయాం. రెండు ఒకటి.

సోమవారం టైం ఆఫీసు పక్కన బోర్డు మీద టైపు చేసిన కాగితం అంటించారు. మేనేజరు మారాడు. అకౌంట్సు సెక్షను నుంచి ఒకాయన్ను వేశారు. మంచివాడే, ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందని తెలుసు. అరువు ఆటగాళ్ళు నలుగురి పేర్లూ ఆ వారమే రోల్లోంచి మాయమయ్యాయి. వాటిని పుట్టించడానికి మూడు రోజులు పట్టింది, చంపడానికి ఒక పూట. కానీ ఆ కాగితాల నకళ్ళు అప్పటికే ప్యాకింగు సెక్షను చేతికొచ్చాయి. ఎలా వచ్చాయని అడిగితే అరవైమందీ ఒక్కసారే సీసాలు సర్దడంలో మునిగిపోతారు. పర్మనెంటు ఖాళీలు లేవన్న యాజమాన్యం మాటకు ఆ నకళ్ళు జతచేసి యూనియన్ లేబర్ ఆఫీసులో కేసు వేసింది. అది ఇంకా నడుస్తోంది. నడిపించేవాళ్ళలో పిన్ని ముందుంది.

బాబాయి విజిల్ తిరిగిచ్చేశాడు. ఇవ్వడానికి ముందు పిన్ని దాన్ని సబ్బుపెట్టి కడిగింది. "వాళ్ళ సొమ్ము వాళ్ళకు శుభ్రంగా ఇవ్వాలి" అంది. కొన్ని వారాలు ఆయన స్టూలు మీద మామూలు కంటే ఎక్కువ సీసాలు తొట్టిలో వేశాడట. మంచివి కూడా.

మరుసటి ఏడు లీగు మొదటి మ్యాచి. బాబాయి రానన్నాడు. పిన్ని లాక్కొచ్చి మెట్ల మీద ప్యాకింగు ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టింది. మైకు మోగింది. కొత్త మేనేజరు టైపు చేయించిన జాబితా. పదకొండు పేర్లు చదివారు. "మరియు మిగతావాళ్ళు" అని మైకు ఆగింది.

అప్పుడు మెట్ల మీద ఒకామె లేచి, కింద బెంచీ మీద కూర్చున్న మొదటి ఎక్స్‌ట్రా పేరు గొంతెత్తి పిలిచింది. పక్కామె రెండోవాడిది. అలా అయిదు పేర్లూ, ఒక్కొక్కరు లేచి, మైకు లేకుండానే. ఒక్కో పేరుకూ ఆ కుర్రాడు బెంచీ మీంచి లేచి చెయ్యి ఊపాడు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అయిదూ అయ్యాక పిన్ని లేచింది. ఆరో పేరు పిలిచింది. అసలు పేరు, జీతం రిజిస్టరులో ఉన్నది.

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్నో పిలుస్తున్నారని.

కింద కొత్త మేనేజరు కూడా చూశాడు. ఆఫీసరు ఆ రోజు రాలేదు, ఓడిపోయే జట్టును చూడటానికి ఆయనకు తీరిక ఉండదు. అకౌంట్సు ఆయన అటూ ఇటూ చూసి, బెంచీ చివర కాస్త జరిగి, ఖాళీ అయిన చోటును చేత్తో తుడిచాడు. "రండి మాస్టారూ, వీళ్ళలో ఎవరు కుంటుతున్నారో నాకేం అర్థం కావట్లేదు" అన్నాడు.

"లేవయ్యా, పిలిచారు" అంది పిన్ని.

"బూట్లు లేవే" అన్నాడు బాబాయి. "కుడి బ్యాకు అడిగితే పొద్దున ఇచ్చేశాను."

"కూర్చోవడానికి బూట్లెందుకు?" అంది పిన్ని, సంచిలోంచి మడత పెట్టిన పాత జెర్సీ తీసి ఆయన ఒళ్ళో వేస్తూ.